ఎండిన కాయ చప్పుడు

మామ గుండెకు ఆపరేషన్ చేయాలంటే ముందు పళ్ళ డాక్టరుకు చూపించుకుని రమ్మన్నారని నేను చెప్పగానే, బెంగళూరు డాక్టర్లకు పని లేకుండా పోయిందని మా అమ్మ తేల్చేసింది. బాగేపల్లి ఇంట్లో చేటలో బియ్యం చెరుగుతూ విన్నది ఆ మాట. చెరగడం మాత్రం ఆపలేదు. మోకాలు నొప్పి అని పోతే చెవులు చూసే డాక్టర్లు కూడా అక్కడే ఉంటారేమో కనుక్కోమంది. చెడింది ఆమె అన్నగారి గుండె కాబట్టి ఆ మాత్రం కోపం సబబే అనుకున్నాను.

మామది చింతామణిలో శనక్కాయల మండీ. మా వాళ్ళు ఎన్నో తరాల కిందట ఈ సీమకు వచ్చి, కన్నడంలో వ్యాపారం చేస్తూ, తెలుగులో పోట్లాడుకుంటూ స్థిరపడినవాళ్ళు. మామ ఆ రెండు పనులూ బాగా చేసేవాడు. హైస్కూలు గడప తొక్కి, అది నచ్చక వెనక్కి వచ్చేశాడు. నేను ఎమ్మెస్సీ దాకా చదివి, చిక్కబళ్ళాపురంలో ఒక పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ కాలేజీలో, బయాలజీ చెప్పేవాణ్ణి. ఇద్దరిలో ఎవరి మాటకు విలువ ఎక్కువో చింతామణిలో ఎవరిని అడిగినా చెబుతారు. నన్ను అడిగినా అదే చెబుతాను.

ఆ విలువంతా ఆయన నోట్లో కుడివైపు వెనక పళ్ళలో ఉండేది.

శనక్కాయలు కొనేవాడికి అన్నిటికంటే ముఖ్యం కాయ ఎండిందా లేదా అన్నది. పచ్చికాయ మూటలో ఉడికి బూజు పడుతుంది. పైపైన చూస్తే తెలియదు. ఊపి చూస్తే గలగలమంటుంది కానీ, ఆ గలగల పొట్టుది, పప్పుది కాదు. అందుకని మామ మూటలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి పిడికెడు కాయలు తీసేవాడు. ఒకటి ఒలిచి, పప్పును కుడివైపు దవడ పళ్ళ మధ్య పెట్టి, కళ్ళు సగం మూసి కొరికేవాడు. ఎండినదైతే టక్కుమనేది. పచ్చిదైతే సబ్బులోకి మేకు దిగినట్టు చప్పుడు లేకుండా దిగబడేది. ఆయన పప్పును పక్కకు ఉమ్మి ఒక మాట అనేవాడు. అంతే, రైతూ కొనేవాడూ ఇద్దరూ తల ఊపేవాళ్ళు. తేమ చూసే మిషను ఒకటి మార్కెట్ యార్డులో ఉండేది. దానికి గుడ్డ కప్పి పెట్టేవాళ్ళు. దుమ్ము పడకుండా అని చెప్పేవాళ్ళు గానీ, మామ మీద గౌరవంతో అని నా అనుమానం.

తల ఊపనివాడు ఒక్కడే ఉండేవాడు. ఎదురు మండీ ఆయన. వయసులో మామకంటే రెండు మూడేళ్ళు చిన్న. మామ కొరికి "ఎండింది" అంటే చాలు, ఆయన తన అంగట్లో నుంచి లేచి వచ్చి, అదే మూటలో నుంచి ఒక కాయ తీసి కొరికి, "ఇంగా రెండెండలు కావాలన్నా" అనేవాడు. మామ పచ్చి అంటే ఆయనకు అది ఎండిపోయి ఉండేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒక కాయ విషయంలో ఒప్పుకున్నది చూడలేదు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కాఫీ అంగట్లో, ఒకే బెంచీ మీద, మాట్లాడుకోకుండా కాఫీ తాగేవాళ్ళు. స్నేహానికి అంతకంటే మంచి పద్ధతి నేను ఇంతవరకు చూడలేదు.

అంత పనిముట్టును మామ ఎట్లా చూసుకునేవాడంటే, పెద్దగా చూసుకునేవాడు కాదు. నల్ల పళ్ళపొడి, చూపుడు వేలు, ఒక చెంబు నీళ్ళు. చిగుళ్ళలో ఎక్కడైనా రక్తం వస్తే ఆ వైపు తోమడం మానేసేవాడు. పుండు మీద చెయ్యి పెట్టకూడదన్నది ఆయన సిద్ధాంతం. కొన్నేళ్ళలో ఆ సిద్ధాంతం నోరంతా పాకింది. దానికి తోడు బుగ్గలో ఎప్పుడూ చిన్న పొగాకు చీలిక. ఇక పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా తాలూకాలో ఉన్న ఊళ్ళన్నిటి మట్టీ కాయలతో పాటు ఆ నోట్లోకి పోయేది. నోటి దగ్గర వాసన వస్తుందని అత్తకు తెలుసు, నాకు తెలుసు, మండీకి తెలుసు. శనక్కాయల్లో కూర్చున్న మనిషి దగ్గర మల్లెపూల వాసన రాదు కదా అని అందరం సర్దుకుపోయాం.

ఒక ఏడు మామకు ఆయాసం మొదలైంది. మొదట మండీ మెట్లు ఎక్కేటప్పుడు, తరవాత చదునుగా ఉన్న చోట కూడా. చింతామణి డాక్టరు ఆయన రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. నాకు మామ కాయ కొరికి కళ్ళు మూసుకోవడం గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎప్పుడైనా కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. మామకు గుర్తులేదు. మా అమ్మకు ఉంది. ఒక వానాకాలమంతా అన్న మంచం దిగలేదనీ, అవ్వ మోకాళ్ళకు ఆముదం పట్టించేదనీ చెప్పింది. ఆ జ్వరం కీళ్ళను వదిలిపోతూ గుండెలో ఒక కవాటాన్ని గీరి పోయిందట. ఇన్నేళ్ళూ అది గీత పడిన తలుపులాగే పనిచేసింది. ఇప్పుడు మూసుకోవడం లేదు.

బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి గుండె డాక్టరు కాగితాలన్నీ చూసి, కవాటం మార్చాలి, లోహంతో చేసింది పెడతాం అన్నాడు. ఆ తరవాత నోరు తెరవమన్నాడు. మామ నా వైపు చూశాడు, సరైన చోటికే తెచ్చావా అన్నట్టు. నోరు తెరిచాక డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. అది మర్యాదస్తుడు వేసే అడుగే, చిన్నది.

ఆయన కన్నడంలో నిదానంగా చెప్పాడు. చిగుళ్ళు ఇట్లా చెడిన నోట్లో సూక్ష్మజీవులు గూడు కట్టుకుని ఉంటాయి. నమిలినప్పుడల్లా కొన్ని రక్తంలోకి పోతాయి. మామూలుగా రక్తం వాటి సంగతి చూసుకుంటుంది. కానీ గీత పడిన కవాటం మీద, అంతకంటే కొత్తగా పెట్టిన లోహం మీద, అవి కూర్చున్నాయంటే లేవవు. జ్వరం వస్తుంది, కవాటం పాడవుతుంది, మనిషి దక్కడం కష్టమవుతుంది. అందుకని ముందు నోరు శుభ్రం కావాలి. చెడిన పళ్ళు తీసేసి, చిగుళ్ళు మానాక వస్తేనే గుండె ముట్టుకుంటానన్నాడు. ఆలస్యం చేయవద్దని కూడా అన్నాడు.

నేను లెక్చరర్ని కాబట్టి ఒక ప్రశ్న అడగకుండా బయటికి రాలేను. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు హార్ట్ ఎటాక్ కూడా ఎక్కువ వస్తుందని ఎక్కడో చదివాను, నిజమేనా అన్నాను. ఆ రెండూ పక్కపక్కన కనబడుతున్నాయి, కానీ ఒకటి రెండోదాన్ని తెచ్చిపెడుతుందని తేలలేదు, పొగాకూ షుగరూ రెండింటికీ చుట్టాలే కదా అన్నాడు ఆయన. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. మీ మామగారి విషయంలో మాత్రం అంత జాగ్రత్తగా మాట్లాడాల్సిన పని లేదు, పళ్ళు తీయించండి అన్నాడు.

చిక్కబళ్ళాపురం అప్పుడే కొత్తగా జిల్లా అయింది. ఊళ్ళో సగం బోర్డుల మీద కోలారు జిల్లా అన్న చోట తెల్లరంగు కొట్టి ఉండేది, కొత్త పేరు రాసేవాడి కోసం ఎదురుచూస్తూ. మా కాలేజీ దగ్గర ఒక మందులషాపు మేడ మీద ఉన్న పళ్ళ ఆసుపత్రికీ అదే బోర్డు. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నదే, మన తెలుగే. ఆమె మామ చేతికి అద్దం ఇచ్చి, పుల్లలాంటి ఇనుప పనిముట్టుతో చిగుళ్ళను మెల్లగా నొక్కింది. పంటి మొదట్లో నుంచి పసుపుపచ్చగా ఒక బొట్టు పైకి వచ్చింది.

"ఇదేందమ్మా?" అన్నాడు మామ.

"చీము, అప్పా. శానా దినాలుగా ఉండాది."

"నాకు నొప్పి లేదే."

"అదే దీంతో వచ్చిన కష్టం. నొప్పి ఉండుంటే ముందే వచ్చుందురు."

ఆమె ఒక్కొక్క పన్నూ కదిపి చూసింది. ముందు పళ్ళు కడిగి నిలబెట్టవచ్చు, వెనక పళ్ళు రెండు వైపులా పోవాల్సిందే అని చెప్పింది. మామ అద్దంలో కుడివైపు చూసుకున్నాడు. అప్పుడు ఆయన గొంతు నేను ఎప్పుడూ విననంత మెత్తగా అయింది.

"ఈ పక్క పైన ఒకటి, కింద ఒకటి ఉండనీమ్మా. మిగతావన్నీ పెరికేసుకో."

"అవే కదప్పా అన్నిటికన్నా చెడిండేది."

మామ లేచి, ఆలోచించుకుని వస్తానన్నాడు. చొక్కా సర్దుకుని, ఆమెకు నమస్కారం కూడా పెట్టాడు. ధర నచ్చని రైతు మర్యాదగా మూట కట్టుకుని పోయినట్టు మెట్లు దిగిపోయాడు.

శిడ్లఘట్ట మీదుగా చింతామణి పోయే బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను అందిన అవకాశం వదలకుండా సూక్ష్మజీవుల పాఠం మొదలుపెట్టాను. క్లాసులో ఎట్లా చెబుతానో అట్లాగే చెప్పాను. క్లాసులో పిల్లలు ఎట్లా చూస్తారో ఆయనా అట్లాగే కిటికీలో నుంచి చూశాడు. మల్బరీ తోటలు అయిపోయాక ఒక్క మాట అడిగాడు.

"పళ్ళు లేకపోతే నేను మండీలో కూచోని ఏం చేసేది, లెక్చరరూ? మూటలకు కావలి ఉండేదా?"

నేను పాఠం ఆపి టికెట్లు జేబులో పెట్టుకున్నాను.

నెల గడిచింది. ఆయన మళ్ళీ చిక్కబళ్ళాపురం వస్తానని అనలేదు. ఆదివారాలు నేనే పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా ఆయాసం ఇంకొంచెం పెరిగి కనబడేది. ఒక వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో ఒకసారి ఆగేవాడు. తిట్టడానికి మాత్రం ఆగేవాడు కాదు. దాంతో మేమంతా ఇంకా పరవాలేదనుకున్నాం. ఒక ఆదివారం అత్త వంటింట్లోకి పిలిచి, కాఫీ గ్లాసు చేతికిచ్చి, చాలా మామూలుగా చెప్పింది.

"మీ మామ పండుకోని శానా దినాలాయనప్పా. పండుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకోని కూచోనే నిద్రపోతాండాడు. ఆయనకు పండ్లు కావాల, నాకు ఆయన కావాల. నువ్వు సదివినోడివి, ఏదో ఒకటి చెయ్యి."

చదివినోడిని కాబట్టి ఏమీ చేయలేకపోయాను. కాఫీ తాగి మండీకి పోయాను.

ఆ రోజు దిబ్బూరహళ్ళి రైతు ఒకాయన సరుకు తెచ్చాడు. మూటలు దింపి, ఒకటి విప్పారు. మామ మామూలుగానే మోచేతిదాకా చెయ్యి పెట్టి కాయలు తీశాడు. ఒలిచాడు. పప్పును కుడివైపు పెట్టుకున్నాడు. కళ్ళు సగం మూసే ముందు ముఖం ఒక్క క్షణం ముడుచుకుపోయింది. పప్పును నాలుకతో ఎడమవైపుకు జరిపి, అక్కడా కుదరక, ముందు పళ్ళతో కొరికాడు. నేను పక్కనే ఉన్నాను. చప్పుడు ఏమీ రాలేదు. సబ్బులో మేకు.

"ఎండింది," అన్నాడు మామ.

ఎదురు మండీ ఆయన మామూలుగానే లేచి వచ్చాడు. అదే మూటలో నుంచి కాయ తీసి, ఒలిచి, కొరికాడు. ఆయనకూ చప్పుడు రాలేదు. ఉమ్మేశాడు. మామ ముఖం వైపు చూడకుండా, మూట అంచు సర్దుతూ అన్నాడు.

"అవునన్నా. ఎండింది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రైతు మాత్రం సంతోషించినట్టున్నాడు, కొంచెం భయపడినట్టు కూడా ఉన్నాడు. ఎదురు మండీ ఆయన చేతులు దులుపుకుని తన అంగట్లోకి పోయి కూర్చున్నాడు. మామ ఆయన వైపు చాలాసేపు చూశాడు. గోడకు ఆనుకుని నిద్రపోయే మనిషి, మెట్లు ఎక్కలేని మనిషి, ఇన్నాళ్ళూ జబ్బు మనిషిలా కనబడలేదు నాకు. అప్పుడు కనబడ్డాడు.

ఆయన రైతును పిలిచి, ఇంకా పచ్చి ఉండాదప్పా, రెండెండలు వేసి తీసుకురా, నేనే పొరపాటు చెప్తిని అన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు.

"ఆ డాక్టరమ్మ ఆదివారం కూడా ఉంటాదా?"

ఆదివారం ఉండదు. సోమవారం కాలేజీకి సెలవు పెట్టి తీసుకుపోయాను. ఆమె బెంగళూరు డాక్టరుతో ఫోనులో మాట్లాడి, ఆయన చెప్పిన మాత్రలు పీకడానికి గంట ముందే మామ చేత మింగించింది. నోట్లో సూక్ష్మజీవులు చెదిరి రక్తంలోకి పోయేది సరిగ్గా పన్ను కదిలినప్పుడే కాబట్టి వాటికి ముందే కాపలా పెట్టాలట. ఒకేసారి కాకుండా కొన్ని కొన్నిగా, వారాల తేడాతో తీసింది. మొదటిసారి సూది చూసి నేను బయటికి పోయి నిలబడ్డాను. క్లాసులో కప్పను కోయడం వేరు, మామ వేరు.

లోపలికి పిలిచినప్పుడు మామ దవడ వాచి, దూది కరుచుకుని, చేతిలో గాజుగుడ్డ మీద పెట్టిన తన పళ్ళను చూస్తున్నాడు. చూపించమని ఆయనే అడిగాడట. వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. వేరు చుట్టూ ఆకుపచ్చ నలుపు గార కట్టి ఉంది. తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తీసేశాడు. దూది పక్కకు తోసి చెప్పాడు.

"ఇట్లాంటి సరుకు ఎవరన్నా తెచ్చింటే మండీలో దింపనిచ్చింటానా?"

దింపనివ్వడని ఇద్దరమూ ఒప్పుకున్నాం. ఆ రోజే పొగాకు కూడా మానేశాడు. ఆ జాగాలో లవంగం పెట్టుకున్నాడు. లవంగం గురించి డాక్టరమ్మ ఏమీ అనలేదు. ఒకేరోజు మనిషి దగ్గర నుంచి అన్నీ లాక్కోకూడదని ఆమెకూ తెలుసు.

చిగుళ్ళు మానాయి. గుండె డాక్టరు మళ్ళీ నోరు చూసి, ఈసారి అడుగు వెనక్కి వేయలేదు. ఆపరేషన్ జరిగిన రోజు బాగేపల్లి నుంచి మా అమ్మ వచ్చింది. ఆసుపత్రి వరండాలో అత్తా ఆమే పక్కపక్కన కూర్చుని, ఎవరికీ ఆకలి లేని అన్నం డబ్బాను ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చుకుంటూ ఉన్నారు. నేను గోడ మీద గుండె బొమ్మ చదివాను. అందులో స్పెల్లింగు తప్పులు లేవని తేల్చుకున్నాక చేయడానికి ఇంకేమీ మిగలలేదు. సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి అంతా బాగా జరిగిందన్నాడు. అత్త ఏడవలేదు. అన్నం డబ్బా మూత తీసి, తినప్పా అంది.

కోలుకునేదాకా మామను బాగేపల్లిలో మా ఇంట్లో పెట్టుకుంటానని అమ్మ పట్టుబట్టింది. ఆసుపత్రి నుంచి కారులో తీసుకొస్తుంటే పేరేసంద్ర దగ్గర ఆగిపోయాం. హైవేను వెడల్పు చేస్తున్న రోజులవి. రోడ్డు తవ్వి ఉంది, ముందు లారీలు నిలబడి ఉన్నాయి. డ్రైవరు ఇంజను ఆపి అద్దాలు ఎత్తేశాడు, దుమ్ము రాకుండా. అప్పుడు వినబడింది. టిక్, టిక్, టిక్. డ్రైవరు ఇండికేటరు వేసే ఉందేమోనని వంగి చూశాడు. వేసి లేదు. మళ్ళీ చూశాడు.

"అది నాదిలేప్పా," అన్నాడు మామ వెనక సీట్లో నుంచి.

కొత్త కవాటం. లోహం కాబట్టి మూసుకున్నప్పుడల్లా చప్పుడు చేస్తుంది. కొందరికి ఆ చప్పుడుతో నిద్ర పట్టదట. మామ మాత్రం బాగేపల్లిలో, ఎన్నో నెలల తరవాత, చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. అత్త అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఎప్పుడూ చేయని ఒక పని చేసింది. పొద్దున్నే లేపకుండా, ఆయన లేచేదాకా పక్కనే ఊరికే కూర్చుంది.

మా అమ్మ మాత్రం పూర్తిగా పార్టీ మార్చేసింది. బాగేపల్లిలో ఎవరికి గుండెనొప్పి వచ్చిందన్నా పళ్ళు తోముకోలేదు, అందుకే అనేది. అట్లా తేలలేదమ్మా, అవి పక్కపక్కన కనబడతాయి అంతే అని నేను డాక్టరు చెప్పినదంతా చెప్పేవాణ్ణి. తేలేదాకా తోముకోకుండా ఉండమంటావా అనేది. సైన్సుకు అంత సూటిగా సమాధానం చెప్పగలిగినవాళ్ళు మా కాలేజీలో కూడా లేరు.

మరుసటి సీజనుకు మామ మండీకి పోయాడు. డాక్టరమ్మ కట్టుడు పళ్ళు చేసిపెట్టింది. అన్నం తినడానికి బాగానే ఉండేవి. మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను. మూటలో చెయ్యి పెట్టాడు, కాయ తీశాడు, కొరికాడు. ప్లాస్టిక్ బకెట్లో గులకరాయి పడినట్టు చప్పుడు. ఇంకొకటి కొరికాడు. అదే బకెట్టు. ఎండిన కాయకూ పచ్చి కాయకూ ఒకే మర్యాద. మామ పళ్ళు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఆ డబ్బాను దూరంగా జరిపి, కాసేపు మూటల వైపు చూస్తూ కూర్చున్నాడు. బస్సులో అన్న కావలి మాట నాకు గుర్తొచ్చింది. ఆయనకూ వచ్చి ఉంటుంది.

ఏం చేయాలో తెలియక నేను ఆయన తీసిపెట్టిన కాయల్లో ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాను. ఊరికే తినడానికే. కొరికాను. మామ తల చటుక్కున తిరిగింది.

"ఇంగొకటి కొరుకు."

కొరికాను.

"ఆ పక్క కాదు, ఈ పక్క. నోరు మూసుకోని కొరుకు." కళ్ళు సగం మూసి, తల నా దవడ వైపు వంచాడు. "పచ్చి," అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆయనా, మేమూ, తాలూకా మొత్తం పళ్ళ గొప్పతనమనుకున్నది చెవిదట. పళ్ళు ఎవరివైనా పరవాలేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నెల రోజుల ఆయాసం తప్పేది. అయినా ఆయన వెంటనే నన్ను పనిలోకి తీసుకోలేదు. వాకిలి దగ్గర వెలుతురులోకి లాక్కుపోయి నోరు తెరవమన్నాడు. దిబ్బూరహళ్ళి మూటను చూసినట్టు చూశాడు.

"తోముకునేటప్పుడు రక్తం వస్తాదా?"

అప్పుడప్పుడు అన్నాను.

"పో. ముందు ఆ డాక్టరమ్మకు చూపించుకోని రా. చీము నోరు నా మండీలో వద్దు."

డాక్టరమ్మ నా చిగుళ్ళను నొక్కి చూసి, మీరు బయాలజీ చెప్తారు కదా సార్ అంది. థియరీ మాత్రమే అన్నాను. ఆమె నవ్వకుండా గార తీసింది. అప్పటి నుంచి సీజను మొదలయ్యే ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. చేతిపనికి పనికొచ్చే పనిముట్టును శుభ్రంగా పెట్టుకోవడం అందరూ చేసేదే.

ఆ తరవాతి ఆదివారం కడిగించుకున్న పళ్ళతో మండీలో కూర్చున్నాను. ఒక మూట విప్పారు. మామ కాయ తీసి, ఒలిచి, పప్పు నా చేతిలో పెట్టాడు. నేను కొరికాను. టక్కుమంది. మామ కళ్ళు తెరిచి, ఎండింది అన్నాడు. మధ్యలో ఆగకుండా అన్నాడు.

ఎదురు మండీ ఆయన తన అంగట్లో నుంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. లేచి వచ్చాడు. కాయ తీశాడు, కొరికాడు. నా నోట్లో వచ్చిన చప్పుడే ఆయన నోట్లోనూ వచ్చింది, అందరమూ విన్నాం. ఆయన ఉమ్మి, మామ ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఇంగా రెండెండలు కావాలన్నా," అన్నాడు.

మామ భుజాలు కిందికి దిగాయి. ఎన్నాళ్ళుగా ఎత్తి పట్టుకున్నాడో. నీకు చెవుడు వచ్చింది పోప్పా అన్నాడు. చెవుడు ఎవరికో మండీ అంతటికీ తెలుసని ఆయన అన్నాడు. అది కాసేపు జరిగింది. కొంతసేపటికి ఎదురు మండీ ఆయన మాట మధ్యలో ఆపి చెవి నిక్కించాడు.

"వాచీ కట్టినావేందన్నా? టిక్కుటిక్కుమంటాండాది."

"చేతికి కాదు," అన్నాడు మామ, రొమ్ము మీద వేలు పెట్టి చూపిస్తూ.

ఎదురు మండీ ఆయన దగ్గరికి వచ్చి వంగాడు. చొక్కా గుండీకి చెవి ఆనేంత దగ్గరగా. కళ్ళు సగం మూశాడు. యార్డులో ఆ కాసేపు హమాలీలు కూడా మూటలు దింపడం ఆపారు. మామ కదలకుండా కూర్చుని, అడిగాడు.

"ఎట్లుండాది? ఎండిందా?"

ఆయన తొందరపడలేదు. ఇంకొంచెం విన్నాడు. తరవాత నిటారుగా లేచి, తల అడ్డంగా ఊపాడు.

"పచ్చిగానే ఉండాదన్నా," అన్నాడు. "దీన్ని ఇంగా శానా ఎండలు చూడనీ."